రోగమని రాసిన మూడేళ్లు

ఎంట్రెన్సులో మొదటి ర్యాంకు తెచ్చుకున్న పిల్లను రోగిష్టిదని బయటికి పంపిన రోజు నేను గేటుకు ఎదురుగా నా జిరాక్సు షాపులోనే కూర్చుని ఉన్నాను. ఆమెను రోగిష్టిదాన్ని చేసిన కాగితం నేను టైపు చేసిందే. అందుకని ముందే చెప్పేస్తున్నాను. ఈ కథలో తప్పు చేసినవాళ్లలో నేనూ ఉన్నాను. మిగిలినవాళ్లు వరసగా వస్తారు.

అనంతపురం జిల్లా గార్లదిన్నె దాటాక హైవే పక్కన ఉంటుంది మా యూనివర్సిటీ. పేరు రాయను. రాస్తే పరువునష్టం దావా వేస్తారు, పరువు వాళ్లొక్కరికే ఉన్నట్టు. గేటుకు ఇటువైపు రేకుల షెడ్డులో ఒక కంప్యూటరు, ఒక ప్రింటరు, రెండు జిరాక్సు మిషన్లు, నేను. నా పేరు కుళ్ళాయప్ప. నేనూ ఎమ్మే చదివాను. పదమూడేళ్లుగా పక్కవాళ్ల చదువులకు నకళ్లు తీస్తున్నాను.

అది జూలై నెల. చినుకు లేదు, గాలి మాత్రం రేకులు ఎగరగొట్టేటట్టు వీస్తోంది. లోపల పీహెచ్‌డీ అడ్మిషన్లకు సర్టిఫికెట్ల పరిశీలన జరుగుతోంది. చౌడేశ్వరి పొద్దున తొమ్మిదికి నా దగ్గరే ఫైలు సర్దుకుని లోపలికి పోయింది. యాడికి మండలంలో ఒక పల్లె ఆమెది. ఆరెకరాల మెట్ట, ఎండిపోయిన రెండు బోర్లు, అమ్మ, నాయన. ఆర్థికశాస్త్రంలో ఎమ్మే. పీజీలో యాభై ఐదు శాతం రావాలన్నారు, ఆమెకు డెబ్బై రెండు వచ్చింది. ఎంట్రెన్సు రాయాలన్నారు, రాసి అందరికంటే ముందు నిలిచింది. ఏం పరిశోధిస్తావో రాసివ్వమన్నారు, మన జిల్లా నుంచి బెంగుళూరుకు పోయే వలస కూలీల మీద పన్నెండు పేజీలు రాసిచ్చింది. టీసీ, మైగ్రేషన్, కులం, ఆదాయం, కాండక్టు అన్నీ ఉన్నాయి. ఒక మనిషిని ఇంతకంటే ఏం అడుగుతారు?

పదకొండున్నరకు తిరిగొచ్చింది. ఏడవలేదు. ఒక కాగితం తెచ్చి జిరాక్సు మిషను అద్దం మీద పెట్టింది.

"కుళ్ళాయన్నా, నాకు ఏం రోగమన్నా?" అంది.

"నీకు రోగమేందిమ్మా?"

"నువ్వే రాసినావు కదా. మూడేండ్లు మంచానపడినానంట. చదువుకో."

తీసి చూశాను. అది గ్యాప్ అఫిడవిట్.

తెలియనివాళ్లకు చెబుతాను. మా యూనివర్సిటీలో ఎనిమిదేళ్లుగా ఒక రూలుంది. డిగ్రీకీ పీజీకీ నడుమ, పీజీకీ పీహెచ్‌డీకీ నడుమ ఏడాదికి మించి ఖాళీ ఉంటే, ఆ ఖాళీలో ఏం చేశావో స్టాంపు పేపరు మీద రాసి నోటరీ ముద్ర వేయించి ఇవ్వాలి. నా షాపుకొచ్చే పిల్లల్లో సగం మందికి రెండేళ్లో, నాలుగేళ్లో ఖాళీ. నా కంప్యూటరులో దానికొక ఫార్మాటు ఉండేది. పేరు మార్చాలి, తేదీలు మార్చాలి, అంతే. కారణం దగ్గర 'అనారోగ్యము వలన' అన్న మాట మాత్రం ఎవరికీ మారదు.

ఎందుకు అనారోగ్యం? అది మా ప్రాంతం వాళ్లకే తెలిసిన సంగతి. వేరుశనగ ఎండిపోయిన ఏడాది మా ఊళ్లలో రోగాలు ఎక్కువ. ఇంటికి తాళం వేసి, మూటాముల్లె నెత్తిన పెట్టుకుని బస్సు కోసం నిలబడ్డవాడిని ఏమప్పా తాళమేసినావని అడిగితే, బెంగుళూరు పెద్దాస్పత్రికి పోతాండామని చెబుతాడు. అక్కడ వాడి కోసం ఆస్పత్రి లేదని, ఇటుకలూ ఇసుకా సిమెంటు మూటలూ ఉన్నాయని అడిగినవాడికీ తెలుసు. కానీ ఆరెకరాల రైతు కూలికి పోయాడని నోటితో అనకూడదు. అంటే వచ్చే ఏడు ఆ మాట తన గడపకే వస్తుంది. ఆస్పత్రికి పోయినారు అంటే సరిపోతుంది, ఎదుటివాడి మర్యాదా దక్కుతుంది, మనదీ దక్కుతుంది. కొన్నేళ్లు వీధికి వీధే ఆస్పత్రికి పోయింది.

ఆ మర్యాదే పిల్లల వెంట నా షాపుకు వచ్చేది. కారణం రాసే చోటుకు రాగానే తల దించుకునేవాళ్లు. అనారోగ్యం వేస్తాలే అనేవాణ్ని. తల ఊపేవాళ్లు. ఇన్నేళ్లలో ఎవరికీ నష్టం రాలేదు. అడ్మిషన్ల సెక్షన్లో ఆ కాగితం ఉందా లేదా అని చూసేవాళ్లే గానీ చదివేవాళ్లు లేరు.

ఈ ఏడాది చదివారు.

అడ్మిషన్ల కమిటీకి ఛైర్మను ప్రొఫెసర్ విష్ణువర్ధన్. పెద్ద భూములున్న ఇల్లు. అన్న రాజకీయాల్లో, తమ్ముడు కాంట్రాక్టుల్లో, ఈయన చదువుల్లో. ముగ్గురూ మూడు గేట్ల దగ్గర కూర్చున్నారు. సీట్లు కొన్నే, కావలసినవాళ్లు బోలెడు మంది. ర్యాంకు తెచ్చుకున్నవాళ్లను పక్కన పెట్టాలంటే ఏదో ఒక కారణం కావాలి. ఆ కారణాన్ని మేమే స్టాంపు పేపరు మీద రాసి, ముద్ర వేయించి, ఆయన చేతిలో పెట్టాం.

లోపల ఏం జరిగిందో చౌడేశ్వరి చెప్పింది. సార్ కోప్పడలేదట. మెత్తగానే మాట్లాడాడట. పరిశోధన అంటే ఎండల్లో ఊళ్లు తిరగాలని, మూడేళ్లు మంచంలో ఉన్న మనిషి తట్టుకోలేదని, ఆమె మంచికే చెబుతున్నానని అన్నాడట. మూడేళ్లు సిమెంటు మోసిన భుజాలు ఆయన ముందే ఉన్నాయి. పక్క కుర్చీలో ఒక అబ్బాయి. ఇరవై మూడో ర్యాంకు, నాలుగేళ్ల ఖాళీ. ఢిల్లీలో సివిల్సు కోచింగు తీసుకున్నానని రాశాడు. నాలుగేండ్లు తపస్సు చేసినావని సార్ వాడి భుజం తట్టి లోపలికి పంపాడు.

కోచింగులో కూర్చుంటే తపస్సు. కూలికి పోతే రోగం. నాకు ఒళ్లు మండింది. అయినా తేలు కుట్టిన దొంగలా ప్రింటరులో కాగితాలు సర్దుతూ నిలబడ్డాను.

మధ్యాహ్నానికి అలాంటివాళ్లు పదకొండు మంది అయ్యారు. అందరి చేతుల్లోనూ నా అఫిడవిట్టే. అందరూ నా షెడ్డు నీడకే వచ్చారు. వాళ్లలో ఓబన్న అందరికంటే పెద్దవాడు, ముప్పై దాటింది. గొర్రెల కాపరుల ఇల్లు. వృక్షశాస్త్రంలో ఎమ్మెస్సీ. నాలుగేళ్లు మందను తోలుకుని నెల్లూరు దాకా తిరిగాడు. మేత గడ్డిలో ఏది ఏ నెలలో వస్తుందో పుస్తకాల కంటే ఎక్కువ తెలుసు. కాగితం మీద మాత్రం నాలుగేళ్లు అనారోగ్యం.

సెక్షన్లో ఒక గుమస్తా జాలిపడి ఉపాయం చెప్పాడు. ఇప్పుడు ఆరోగ్యంగానే ఉన్నారని డాక్టరు దగ్గర ఫిట్‌నెస్ సర్టిఫికెట్లు తెచ్చుకోండి, నేను ఫైల్లో పెడతానన్నాడు. చౌడేశ్వరి వద్దంది. ఒక అబద్ధానికి ఇంకో అబద్ధం అంటు కట్టేదేంటికి అని అడిగింది. నేను మాత్రం అదే మంచిదన్నాను. నా తప్పు బయటపడకుండా పని జరిగిపోతుందని నా ఆశ. అందరూ అనంతపురం పోయి సర్టిఫికెట్లు తెచ్చారు.

మరుసటి రోజు విష్ణువర్ధన్ సార్ వాటిని వరండాలోకి తెప్పించుకుని ఒక్కొక్కటే చూశాడు. పదకొండు మందినీ మెట్ల కింద నిలబెట్టాడు. గేటు దాకా వినబడేలా మాట్లాడాడు.

"మూడేండ్లు, నాలుగేండ్లు రోగమని ప్రమాణం చేసినారు. ఈరోజు అందరూ పైల్వాన్లు అయినారు. ఏ కాగితం నమ్మాల నేను? రోగం నిజమైతే సీటుకు పనికిరారు. రోగం లేదంటే తప్పుడు అఫిడవిట్ ఇచ్చినట్టు, కేసు అయితాది. ఏది కావాలో మీరే చెప్పండి."

కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందని పెద్దలు ఊరికే అనలేదు. ఇంటర్వ్యూ సోమవారం పది గంటలకు. పిలిచినవాళ్ల జాబితా బోర్డు మీద అంటించారు. పదకొండు పేర్లలో ఒక్కటీ లేదు.

ఆ శుక్రవారం సాయంత్రం నాలుగింటికి మా షెడ్డులో మీటింగు పెట్టారు. తిప్పేష్ వచ్చాడు. గుంతకల్లు కుర్రవాడు, రైల్వే ట్రాక్‌మన్ కొడుకు, విద్యార్థి సంఘంలో పని చేస్తాడు. గొంతు పెద్దది, మనసు అంతకంటే పెద్దది. వస్తూనే సోమవారం ధర్నా అన్నాడు. అడ్మిషన్ల కమిటీ డౌన్ డౌన్ అని అట్టలు రాద్దామన్నాడు. హాస్టళ్ల నుంచి రెండు వందల మందిని తెచ్చే పూచీ నాదన్నాడు.

చౌడేశ్వరి అడిగింది. "వచ్చినోల్లకు ఏమని చెప్తావు తిప్పేషూ?"

"అన్యాయం జరిగిందని."

"ఏం అన్యాయం? రోగమున్నోల్లకు సీటియ్యలేదనా? మాకు రోగం ల్యాకపోయినా ఉందని రాసినామనా? ఏదో ఒకటి చెప్పల్ల కదా."

తిప్పేష్ గొంతు మొదటిసారి తగ్గింది. అప్పుడు అసలు వాదన మొదలైంది. నిజం చెబుదామని ఇద్దరన్నారు. చెబితే కేసు పెడతారు, కేసుంటే రేపు ఏ ఉద్యోగమూ రాదని నలుగురన్నారు. ఇంకో యూనివర్సిటీ చూసుకుందామని ఒకడన్నాడు. అక్కడ కూడా ఈ ఖాళీ మన వెంటే వస్తుంది కదా అని ఇంకొకడు. ఓబన్న గోడకు ఆనుకుని చాలాసేపు వింటూ కూర్చున్నాడు.

"కేసుకు భయం లేదు నాకు. ఎమ్మెస్సీలో అందురూ నన్ను బడి సార్ కొడుకు అనుకుంటాండ్రి. గొర్రెలోడని తెలిస్తే ఎట్ల చూస్తారో అని భయం. ఆ భయంతోనే రోగమని రాయించుకున్నా. నిజానికి రోగమంటే అదే" అన్నాడు.

నాకు ఇక దాచుకోబుద్ధి కాలేదు. లేచి చెప్పాను. ఇంతమందికి రోగం అంటించినవాణ్ని నేను, ఎవరినీ కారణం అడగకుండా ఎనిమిదేళ్లు ఒకే మాట టైపు చేశాను, నా ఖాళీని కూడా అదే మాటతో నింపుకున్నాను అన్నాను. నేను ఎమ్మే అయ్యాక రెండేళ్లు గార్మెంటు ఫ్యాక్టరీలో గుడ్డ మోశాను. ఆ సంగతి అప్పటిదాకా నా భార్యకు తప్ప ఎవరికీ తెలియదు. కేసంటూ పెడితే మొదటి ముద్దాయి నేను కావాలి, మీరు కాదు అన్నాను. అని, వాళ్లందరి ముందూ కంప్యూటరులో ఆ ఫార్మాటు తుడిచేశాను.

చౌడేశ్వరి నా వైపు చూసింది. క్షమించినట్టు లేదు. "తుడిస్తే చాలదన్నా. కొత్తది రాయి. కారణం కాడ ఖాళీ ఇడిచిపెట్టు. ఎవురి కారణం వాల్లు చెప్తారు" అంది.

అలా నిర్ణయమైంది. సోమవారం ఇంటర్వ్యూ గది ముందు పదకొండు మందీ కొత్త అఫిడవిట్లు చదువుతారు. పాతవి తప్పని ఒప్పుకుంటారు. ఒక్క షరతు పెట్టింది చౌడేశ్వరి. ఇంట్లో చెప్పకుండా ఎవరూ రాయకూడదు. ఆ అబద్ధం మన ఒక్కరిదే కాదు, అమ్మానాయనలు ఊరంతటికీ చెప్పింది, వాళ్లను అడగకుండా తీసేసే హక్కు మనకు లేదు అంది. రాత్రి బస్సు దొరకదని అప్పుడే బయలుదేరింది.

శనివారం, చౌడేశ్వరి ఊరి నుంచి వచ్చాక, కోర్టు ముందు నోటరీ దగ్గరికి పోయాం. ఆయన కాగితం సగం చదివి కళ్లద్దాలు తీసేశాడు. ఈ పిల్లకు రోగమని ముద్ర వేసింది నేనే, ఇప్పుడు లేదని కూడా నేనే ముద్ర వేస్తే నా లైసెన్సు ఏమవుతుందని అడిగాడు. ఆయన అడిగిందీ నిజమే. ముద్ర లేకుండా తిరిగొచ్చాం, చౌడేశ్వరి మళ్లీ ఊరికి పోయింది. ముద్ర లేని అఫిడవిట్ వట్టి కాగితమని తిప్పేష్ దిగాలుపడ్డాడు.

సోమవారం పొద్దున ఎనిమిదికి చౌడేశ్వరి వాళ్లమ్మను వెంటబెట్టుకుని షాపుకొచ్చింది. రామాంజినమ్మ సన్నగా, పొడుగ్గా, చెప్పుల్లేకుండా ఉంది. నాయన మల్లికార్జున రాలేదు. కూతురు సంగతి చెప్పగానే ఆయన అన్నం ముందునుంచి లేచి, రెండు రోజులుగా కూతురితో మాట్లాడలేదట. ఊళ్లో తలెత్తుకోనీకుండా చేస్తావా అన్నది ఒక్కటే మాట.

రామాంజినమ్మకు కూతురు కొత్త కాగితం చదివి వినిపించింది. ముద్ర లేదన్న సంగతి కూడా చెప్పింది. ఆమె నా టేబుల్ మీది ఇంకు ప్యాడు తనవైపు లాక్కుంది.

"ఆ నోటరీ మాతో వచ్చి ఇసుక మోసినాడా? వాని ముద్ర ఏంటికి మాకు? మోసినోల్లం మేము. మా ఏలిముద్ర చాలదా అప్పా?" అని అడిగింది.

నోటరీ ముద్ర పడాల్సిన చోట ఆమె బొటనవేలు పడింది. తొమ్మిదిన్నరకల్లా మిగిలినవాళ్ల ఇళ్ల నుంచి కూడా వచ్చారు. ఓబన్న నాయన గొంగడి భుజాన వేసుకుని వచ్చాడు. ఒకడికి ఎవరూ రాకపోతే, వాడితో పాటు రాళ్లు కొట్టిన మేస్త్రీ వచ్చాడు. పదకొండు కాగితాలకూ వేలిముద్రలు పడ్డాయి. నా టేబులంతా నీలం మరకలు.

గేటు దగ్గర వాచ్‌మన్ నాగేశ్వర. ముందురోజే వాచ్‌మన్లకు ఆర్డరు వచ్చింది, జాబితాలో పేరు లేనివాళ్లను లోపలికి వదలొద్దని. నాగేశ్వర రోజూ నా దగ్గర టీ తాగుతాడు, నాలుగు మాటల కంటే ఎక్కువ మాట్లాడడు. మమ్మల్ని చూసి గేటు మూశాడు. తిప్పేష్ తెచ్చిన హాస్టలు పిల్లలు లోపలివైపు, మేము బయటివైపు. రెండు వందల మందీ ఊచల మధ్య నుంచి మమ్మల్నే చూస్తున్నారు.

చౌడేశ్వరి గేటు దగ్గరే నిలబడి చదవడం మొదలుపెట్టింది.

"చౌడేశ్వరి, తండ్రి మల్లికార్జున, అను నేను ప్రమాణపూర్వకముగా తెలియజేయునది ఏమనగా. రెండువేల పంతొమ్మిది జూన్ నుండి మూడు సంవత్సరములు నాకు ఏ రోగమూ లేదు. ఆ కాలమందు నేను బెంగుళూరులో అపార్టుమెంట్లు కట్టుచోట ఇసుక, సిమెంటు మోసితిని. లాక్‌డౌన్ వచ్చినప్పుడు మా అమ్మానాయనలతో హిందూపురం వరకు నడిచితిని. రెండు నెలల తరువాత మరల అదే పనికి పోతిని. ఆ పని మీదనే పరిశోధన చేయుటకు దరఖాస్తు పెట్టితిని. మునుపు ఇచ్చిన కాగితములో రోగమని రాసినది సిగ్గుతో రాసినది. ఆ సిగ్గును ఇందుమూలముగా వెనక్కి తీసుకుంటిని."

ఓబన్న చదివాడు. నెల్లూరు దాకా ఏ ఊళ్ల మీదుగా పోయాడో ఒక్కో పేరూ చదివాడు. లోపలివైపు పిల్లల్లో ఒకమ్మాయి, నాదీ ఒకటుంది అక్కా, మా ఇంట్లో గూడా ఆస్పత్రి అనే చెప్పినాము అంది. ఆమె పక్కనున్నవాడు చెయ్యెత్తాడు. తర్వాత ఎన్ని చేతులు లేచాయో నేను చూడలేకపోయాను, కళ్లకు నీళ్లడ్డమొచ్చాయి.

అప్పుడు నాగేశ్వర జేబులోంచి తాళంచెవి తీశాడు. సెక్యూరిటీ ఇన్‌ఛార్జి వద్దని అరుస్తూ పరుగెత్తుకొస్తున్నాడు. నాగేశ్వర అతన్ని చూసి కూడా ఆగలేదు.

"నేను బీఎస్సీ సార్. పీజీలో సీటొచ్చిన ఏడే మా నాయన బోరేసినాడు, నీల్లు పల్లే. ఒక ఏడాది పనిచేసి మల్లా చదువుకుంటానని ఈడ చేరినా. పద్నాలుగేండ్లాయె. నా ఖాళీ ఇంగా ఐపోలే" అన్నాడు. అని గేటు బారుగా తీశాడు.

ఇంటర్వ్యూ జరిగే భవనం మెట్ల మీద కూర్చున్నాం. ముందు వరసలో అమ్మానాయనలు, వెనక పిల్లలు, వాళ్ల వెనక ఊడ్చేవాళ్లు, మెస్సులో వంటవాళ్లు. లోపలికి పోవాలంటే వేలికి నీలం సిరా ఉన్న ముసలివాళ్లను దాటుకుని పోవాలి. పిలుపొచ్చిన అభ్యర్థులు కొందరు ఒక అడుగు వేసి, వెనక్కి తీశారు. కోచింగు అబ్బాయి కూడా దాటలేదు. వాడి మీద నాకు కోపం కొంచెం తగ్గింది.

విష్ణువర్ధన్ సార్ బయటికొచ్చాడు. ఈ గొడవ ఏమిటని పెద్దవాళ్లను అడిగాడు. వాళ్లను చూస్తే సులువుగా పంపేయొచ్చని అనుకున్నాడేమో. రామాంజినమ్మ లేచి నిలబడింది.

"సారూ, నా బిడ్డకు రోగముంటే ఎనిమిదో అంతస్తుకు ఇసుక ఎట్ల ఎత్తిందో మీరే చెప్పల్ల. మేము దొంగతనం చేయలే. సిగ్గుపడి అబద్దమాడినాము. ఇంగ సిగ్గుపడం" అంది.

"అంటే తప్పుడు అఫిడవిట్ ఇచ్చినామని ఒప్పుకుంటాండారు" అన్నాడాయన, ఆమెను కాక చౌడేశ్వరిని చూస్తూ.

"ఒప్పుకుంటాండాము సార్. రాసుకోండి. పక్కనే, కూలికి పోయినామని గూడా రాసుకోండి. మీరు వలసల మీద పుస్తకం రాసినారు. నేను ఎమ్మేలో చదివినా. మీ పుస్తకంలో ఉండేది మేమే. పుస్తకంలో ఉంటే పనికొస్తాము, పక్కన కూర్చుంటామంటే రోగిష్టోల్లమా?"

ఆయన లోపలికిపోయి ఫోను చేశాడు. పన్నెండింటికి ఇంటర్వ్యూలు వాయిదా అని నోటీసు అంటించారు. ఒంటిగంటకు పోలీసు జీపు వచ్చింది. యూనివర్సిటీ ఫిర్యాదు ఇచ్చిందట, నకిలీ ప్రమాణపత్రాలు తయారుచేస్తున్నారని. చౌడేశ్వరి పేరు, నా పేరు ఉన్నాయి అందులో. నేను అడిగినట్టే మొదటి ముద్దాయి నేనే. యూనివర్సిటీ నా మాట విన్నది అదొక్కసారే.

జీపు ఎక్కేటప్పుడు షాపు తాళంచెవులు తిప్పేష్ చేతికిచ్చాను. జీపు మలుపు తిరుగుతుంటే చూశాను, వాడు షెడ్డు తెరిచి కంప్యూటరు ముందు కూర్చున్నాడు. బయట లైను అప్పటికే హైవే పక్కకు వచ్చేసింది. హాస్టలు పిల్లలు, వాచ్‌మన్లు, వంటవాళ్లు. ఒక్కొక్కడినీ కారణం ఏమిటో అడిగి టైపు చేస్తున్నాడట. నేను ఎనిమిదేళ్లలో అడగని ప్రశ్న అది.

స్టేషన్లో ఎస్సై మొదట చెడ్డగా మాట్లాడలేదు. క్షమాపణ రాసిచ్చి పొమ్మన్నాడు. రోగమనే మాట నిజమేనని, ఆవేశంలో కాదన్నామని రాస్తే చాలట, ఫిర్యాదు వెనక్కి తీసుకుంటారట. తెల్లకాగితం, పెన్ను చౌడేశ్వరి ముందు పెట్టాడు. సీటు గురించి కూడా మాట్లాడతానన్నాడు. ఆమె కాగితాన్ని చాలాసేపు చూసింది. నాకు భయమేసింది. రాస్తుందని కాదు, రాస్తే ఆమెను తప్పుపట్టడానికి నాకేం అర్హత ఉందని. ఆ సీటు కోసం ఆమె ఎనిమిదో అంతస్తులో కూడా పుస్తకం పెట్టుకుని చదివింది. ఆ సీటు ఇప్పుడు ఆ పెన్నుకు అవతలే ఉంది.

ఆమె పెన్ను మూత పెట్టింది. "రాయను సార్" అంది. ఎస్సై ఫైలు తీసి కేసు రాసుకొమ్మని రైటరుకు చెప్పాడు.

నాలుగింటికి బయట లారీ ఆగిన చప్పుడైంది. మా వెనకే వచ్చి గుమ్మంలో కూర్చున్న రామాంజినమ్మ లేచి నిలబడింది. గేటు దగ్గర చదువుతుంటే హాస్టలు పిల్లలు ఫోన్లో తీసిన వీడియో మధ్యాహ్నానికే యాడికి చుట్టుపక్కల ఊళ్లన్నీ తిరిగిందని తర్వాత తెలిసింది. ముందుగా లోపలికి వచ్చిన మనిషి తలపాగా చేతిలో పట్టుకుని ఉన్నాడు. కూతురి వైపు చూడలేదు. ఆయన వెనక ఆడవాళ్లు, మగవాళ్లు, చేతికర్రతో ఒక ముసలామె. స్టేషన్లో నిలబడడానికి చోటు లేకుండా పోయింది.

ఎవరప్పా మీరంతా అన్నాడు ఎస్సై.

"ఆస్పత్రికి పోయినోల్లం సార్" అన్నాడు మల్లికార్జున. "మా ఊర్లో తాళమేసి పోయిన ప్రతి ఇల్లూ అదే చెప్పింది. నా కూతురు కాగితం మీద రాసింది, మేము నోటితో చెప్పినాము. తప్పంటే అందరిదీ తప్పే. మొదలు నా పేరు రాసుకో."

రైటరు ఎస్సై వైపు చూశాడు. తర్వాత పేరు రాసుకుని, అలవాటుగా, ఊరు విడిచి పోవడానికి కారణం ఏమిటని అడిగాడు.

మల్లికార్జున ఆరెకరాల రైతు. నలుగురిలో ఆ మాట ఎన్నడూ అనలేదు. తలపాగా చుట్టుకున్నాడు. కూతురి వైపు తిరిగి, ఆమెను చూస్తూ చెప్పాడు.

"కూలికి పోయినాము."

తర్వాతి మనిషి ముందుకొచ్చాడు. ఆ లైను స్టేషను మెట్లు దిగి రోడ్డు దాకా ఉంది.